చెయ్యి వచ్చిందా అంటే ఏ నంబరు చెప్పాలి?

పక్షవాతంతో ఒక చెయ్యి పూర్తిగా పడిపోయిన మనిషికి కూడా బార్తెల్ ఇండెక్స్‌లో 100కి 100 రావచ్చు. 1965 నుంచి వాడుకలో ఉన్న కొలత అది. తినడం, స్నానం, బట్టలు వేసుకోవడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, నడవడం, మెట్లెక్కడం లాంటి పది విషయాల్లో మనిషి ఇంకొకరి సాయం లేకుండా నెట్టుకురాగలరా అని చూస్తుంది. ఏ చేత్తో చేశారని మాత్రం అడగదు. కాస్త అలవాటు పడితే బాగున్న చెయ్యి ఒక్కటే ఈ పనులన్నీ చక్కబెట్టేస్తుంది. షర్టు గుండీలు ఒంటిచేత్తో పెట్టుకోవడం కూడా చాలామంది నేర్చేసుకుంటారు. అలా ఫైల్లో వంద మార్కులు పడతాయి, రెండో చెయ్యి ఒళ్లో అలాగే పడి ఉంటుంది.

నేను ఫిజియోథెరపిస్టుని. పక్షవాతం తర్వాత చేతుల మీదే ఎక్కువగా పనిచేస్తాను. ఇంటివాళ్లు మొదటి రోజుల్లో "చెయ్యి వస్తుందా అండీ?" అని అడుగుతారు. కొన్ని నెలలు పోయాక అదే ప్రశ్న "చెయ్యి వచ్చినట్టేనా?" అని మారుతుంది. రెండో ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలంటే ఫైల్లో ఉన్న నంబర్లు సరిపోవడం లేదు. అది నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

బార్తెల్ సంగతి అలా ఉంచితే, ఫైల్లో సాధారణంగా కనిపించే మిగతా రెండు నంబర్లూ చేతి గురించి చెప్పేది తక్కువే. పక్షవాతం ఎంత తీవ్రంగా ఉందో తెలియడానికి ఆస్పత్రికి తెచ్చిన వెంటనే వేసే ఎన్‌ఐహెచ్ స్ట్రోక్ స్కేల్‌లో చేతికి ఒక పరీక్ష ఉంది. చెయ్యి ముందుకు చాచి 10 సెకన్లు జారిపోకుండా నిలబెట్టాలి. నిలబెడితే 0, అంటే లోపం లేనట్టు లెక్క. వేళ్లు విప్పగలరా, ముడవగలరా అనేది ఆ మార్కుల్లోకి రాదు. పెన్ను పట్టుకోలేని మనిషికి కూడా అక్కడ చెయ్యి "0" అని పడొచ్చు. ఇక మోడిఫైడ్ ర్యాంకిన్ స్కేల్. పక్షవాతం తర్వాత ఎంత వైకల్యం మిగిలిందో చెప్పే కొలత, అంకె పెరిగే కొద్దీ వైకల్యం ఎక్కువ. అందులో 2 అంటే ఇదివరకటి పనులన్నీ చేయలేకపోయినా తన సంగతి తాను చూసుకోగలిగిన మనిషి. చాలా పరిశోధనల్లో 0 నుంచి 2 వరకూ వచ్చినవాళ్లను మంచి ఫలితం కిందే జమ కడతారు. పనిచేయని చెయ్యి ఆ 2లో హాయిగా ఇమిడిపోతుంది.

ఇవి చెడ్డ కొలతలని అనడం లేదు. ఎమర్జెన్సీలో నిమిషాల మీద నిర్ణయం తీసుకోవాల్సిన డాక్టరుకు 10 సెకన్ల పరీక్షే కావాలి. ఇంటికి పంపితే ఎవరి తోడు ఎంత అవసరమో తెలియాలంటే బార్తెల్ కావాలి. నా అభ్యంతరం అంతా ఈ నంబర్లను చేతికి కూడా జవాబుగా చూపించడం మీదే. "స్కోర్లన్నీ బాగున్నాయి" అన్న మాట విన్నాక చేతి గురించి గట్టిగా అడిగే ధైర్యం ఇంటివాళ్లకు ఉండదు. నడక వస్తే ఇంటికి పంపేస్తారు, థెరపీ గంటలు తగ్గిపోతాయి. చేతికి ఇంకా అవకాశం ఉన్న నెలలు అలా జారిపోతాయి.

చేతి గురించి కనీసం రెండు విషయాలు విడివిడిగా రాయాలన్నది నా వాదన. పరీక్ష గదిలో అడిగితే చెయ్యి ఏం చేయగలదు అన్నది ఒకటి. ఎవరూ అడగనప్పుడు, ఇంట్లో, ఆ చెయ్యి ఏం చేస్తోంది అన్నది రెండోది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆమోదించిన, ఆరోగ్యాన్నీ వైకల్యాన్నీ వర్ణించే ఐసీఎఫ్ వర్గీకరణలోనే ఈ తేడా స్పష్టంగా ఉంది. నేను చూసే ఫైళ్లలో మొదటిది అప్పుడప్పుడు కనిపిస్తుంది. రెండోది దాదాపు కనిపించదు.

ముందు మొదటిదాని గురించే కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందులోనూ చిక్కులు ఉన్నాయి.

చేతి కదలికకు ప్రపంచమంతా ఎక్కువగా వాడే కొలత ఫ్యూగల్-మేయర్. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఆక్సెల్ ఫ్యూగల్-మేయర్, ఆయన సహచరులు కలిసి తయారుచేసి 1975లో ప్రచురించారు. దాని వెనక ఉన్న ఆలోచన ఇది. పక్షవాతం తర్వాత కదలిక తిరిగొచ్చేటప్పుడు ముందు గుత్తగా వస్తుంది. చెయ్యి ఎత్తమంటే భుజం పైకి లేస్తుంది, మోచెయ్యి ముడుచుకుంటుంది, వేళ్లు బిగుసుకుంటాయి, అన్నీ ఒకేసారి. ఒక్క కీలును విడిగా కదపడం సాధ్యం కాదు. కోలుకునే కొద్దీ ఆ గుత్తి విడిపోతుంది. మోచెయ్యి చాచి ఉంచి భుజాన్ని మాత్రమే ఎత్తడం, భుజం కదలకుండా మణికట్టును మాత్రమే తిప్పడం వస్తాయి. ఫ్యూగల్-మేయర్ ఈ విడివడటాన్ని 33 అంశాలుగా చూస్తుంది. ఒక్కోదానికి 0, 1 లేదా 2. మొత్తం 66.

ఈ కొలత మీద నాకు గౌరవం ఉంది. ఒళ్లు ముందుకు వంచి, భుజం ఎగరేసి ఏదో విధంగా పని కానిచ్చేస్తే ఇది మార్కులు వేయదు. నరాల్లో నిజంగా ఏం తిరిగొచ్చిందో దీనితో తెలుస్తుంది. కానీ ఆ 66 ఎలా పంచారో చూడండి. భుజం, మోచెయ్యి, ముంజేతికి 36. మణికట్టుకు 10. వేళ్లకు, పట్టుకు 14. వణుకు, గురి, వేగం కలిపి 6. అంటే సగానికి పైగా మార్కులు భుజం, మోచెయ్యి, ముంజేతికే పోయాయి. "40 వచ్చింది" అని ఒక్క నంబరు చెబితే ఆ మనిషి గ్లాసు పట్టుకోగలరో లేదో నేను చెప్పలేను. ఒకరికి భుజం బాగా వచ్చి వేళ్లు బిగుసుకుపోయి ఉండొచ్చు. ఇంకొకరికి వేళ్లు ఆడుతూ భుజం పైకి లేవకపోవచ్చు. ఇద్దరికీ 40 పడొచ్చు. ఈ ఇద్దరికీ చేయాల్సిన సాధన వేరు, ఇంట్లో ఎదురయ్యే ఇబ్బంది వేరు. కాబట్టి ఫ్యూగల్-మేయర్ రాసేవాళ్లు మొత్తంతో పాటు ఆ నాలుగు భాగాలనూ విడిగా రాయాలి. అదనంగా ఒక్క నిమిషం కూడా పట్టని పని అది.

పరీక్ష గదిలో వాడే రెండో కొలత యాక్షన్ రీసెర్చ్ ఆర్మ్ టెస్ట్ (ఇకపై ఆర్మ్ టెస్ట్). 1981లో లైల్ అనే పరిశోధకుడు ప్రచురించాడు. ఇందులో వస్తువులు ఉంటాయి. 2.5 సెంటీమీటర్ల నుంచి 10 సెంటీమీటర్ల దాకా చెక్క దిమ్మెలు, క్రికెట్ బంతి, ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి నీళ్లు పోయడం, గోళీని బొటనవేలితోనూ ఇంకో వేలితోనూ పట్టి ఎత్తడం, చెయ్యి తల వెనక్కి, తల మీదికి, నోటి దగ్గరికి తేవడం. మొత్తం 19 పనులు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 57. పని కనిపిస్తుంది కాబట్టి పేషెంట్లకు ఇది అర్థమవుతుంది. 10 సెంటీమీటర్ల దిమ్మె చేతికి చిక్కినప్పుడు వాళ్ల ముఖంలో వచ్చే మార్పు నాకు ఇష్టం.

దీని లోపం మధ్యలో ఉంది. ఇప్పుడు ప్రామాణికంగా పాటించే పద్ధతిలో, సరైన భంగిమలో 5 సెకన్లలోపు చేస్తే 3. చేశారు గానీ చాలా కష్టపడ్డారు, లేదా 5 నుంచి 60 సెకన్లు పట్టిందంటే 2. ఆ 2 అనే మార్కు గడి ఎంత పెద్దదో ఊహించండి. ఒక దిమ్మెను అరపైకి చేర్చడానికి 50 సెకన్లు పట్టే మనిషి, నెలల తరబడి కష్టపడి దాన్ని 8 సెకన్లకు తెచ్చాడనుకుందాం. అప్పుడూ 2, ఇప్పుడూ 2. కాగితం మీద అతనికి ఏమీ రాలేదు. ఇంట్లో మాత్రం ఈ రెండూ రెండు లోకాలు. 50 సెకన్లు పట్టే చేతిని ఎవరూ వాడరు, ఎంత ఓపికున్నా వాడరు. 8 సెకన్ల చేతికి పని దొరుకుతుంది. అందుకే ఈ పరీక్ష పెట్టేటప్పుడు స్టాప్‌వాచ్‌లో పడిన సెకన్లను పక్కన రాసి పెట్టాలంటాను. చేతి పనులను కొలిచే ఇంకో పరీక్ష, వుల్ఫ్ మోటార్ ఫంక్షన్ టెస్ట్‌లో ఎలాగూ సమయమే ముఖ్యం. అక్కడ పనికి 120 సెకన్ల గడువు.

వేళ్లు కొంచెం వచ్చినవాళ్లకు నేను ఎక్కువగా వాడేది బాక్స్ అండ్ బ్లాక్ టెస్ట్. రెండు అరలున్న పెట్టె, మధ్యలో అడ్డుగోడ. 2.5 సెంటీమీటర్ల దిమ్మెలను ఒక్కొక్కటిగా ఆవలి అరలో వేయాలి. 60 సెకన్లలో ఎన్ని వేస్తే అన్ని. అంతే. పేషెంటుకు, ఇంటివాళ్లకు, నాకు, ముగ్గురికీ ఒకేలా అర్థమయ్యే నంబరు ఇదొక్కటే. వేళ్లు విప్పలేనివాళ్లకు 0 వస్తుంది, వాళ్ల విషయంలో ఇది పనికిరాదు.

అంకెల మీద ఇంత మాట్లాడాను కాబట్టి ఇంకొకటి చెప్పాలి. రెండు మూడు మార్కులు పెరిగాయని పండగ చేసుకోవద్దు, తగ్గాయని టెన్షన్ పడొద్దు. పక్షవాతం వచ్చి చాలాకాలమైనవాళ్లలో ఫ్యూగల్-మేయర్ మీద 2012లో వచ్చిన ఒక అధ్యయనం, సుమారు 5 మార్కులకు పైగా పెరిగితేనే ఆ తేడా జీవితంలో తెలుస్తుందని లెక్క కట్టింది. దానికంటే తక్కువ తేడా కొలిచినవాళ్లు మారడం వల్ల రావచ్చు, ఆ రోజు నిద్ర లేకపోవడం వల్ల రావచ్చు, కుర్చీ ఎత్తు మారినా రావచ్చు. సాయంత్రానికి అలసిపోయే చేతిని ఒకసారి ఉదయం, ఇంకోసారి సాయంత్రం కొలిచి పోల్చడం అన్యాయం.

ఇక రెండో ప్రశ్నకు వస్తాను. నా మనసంతా దీని మీదే ఉంది.

పరీక్ష గదిలో చెయ్యి బాగా చేస్తుంది. నీళ్లు పోస్తుంది, గోళీ ఎత్తుతుంది. లేచి వెళ్లేటప్పుడు చూస్తాను. తలుపు గడియ తీసేది, సంచీ అందుకునేది, ఫోను జేబులోంచి తీసేది బాగున్న చెయ్యే. ఇది సోమరితనం అని ఇంటివాళ్లు విసుక్కుంటుంటారు. అది న్యాయం కాదు. దీని వెనకున్న సంగతిని ఎడ్వర్డ్ టాబ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త కోతుల మీద ప్రయోగాల్లో గుర్తించాడు. ఒక చేతికి స్పర్శ తెలిపే నరాలను కత్తిరిస్తే కోతి ఆ చేతిని వాడటం మానేసేది. కదిపే నరాలు బాగానే ఉన్నా అంతే. మొదట్లో ఆ చేత్తో ప్రయత్నించిన ప్రతిసారీ పని చెడింది, రెండో చేత్తో సులువుగా అయింది. మెదడు ఆ పాఠం నేర్చేసుకుంది. బాగున్న చేతిని కట్టేసి, వాడని చేతితో సాధన చేయిస్తే మళ్లీ వాడకం వచ్చింది. పక్షవాతం వచ్చినవాళ్లకు ఇప్పుడు చేయించే కన్‌స్ట్రెయింట్ థెరపీ అలా పుట్టింది. పక్షవాతం వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మంది మీద జరిగిన ఎక్సైట్ అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. మామూలు వైద్యంతో పోలిస్తే ఈ పద్ధతిలో చేతి పనితనమూ, ఇంట్లో వాడకమూ రెండూ మెరుగయ్యాయి.

ఆ వాడకాన్ని కొలవడానికి టాబ్ బృందమే మోటార్ యాక్టివిటీ లాగ్ తయారుచేసింది. అది ఒక ఇంటర్వ్యూ. లైటు స్విచ్ వేయడం, సొరుగు తెరవడం, కుళాయి తిప్పడం, చేతులు తుడుచుకోవడం లాంటి 30 పనులు. ప్రతిదానికీ రెండు ప్రశ్నలు: ఈ మధ్య ఆ చేత్తో ఎంత తరచుగా చేశారు, ఎంత బాగా చేశారు. 0 నుంచి 5 దాకా మార్కులు.

దీన్ని నమ్మలేం అనేవాళ్లు ఉన్నారు. మనిషి జ్ఞాపకం మీద, మంచితనం మీద ఆధారపడిన కొలత అంటారు. నిజమే. థెరపిస్టును నొప్పించడం ఇష్టంలేక ఎక్కువ చెప్పేవాళ్లుంటారు. దిగులుతో ఉన్నవాళ్లు తక్కువ చెబుతారు. మాట పోయినవాళ్లు అసలు చెప్పలేరు. అయినా నాకు తోచేది ఒకటే. ఆ 30 ప్రశ్నలు అడగడంతోనే సగం పని అయిపోతుంది. "కుళాయి ఆ చేత్తో తిప్పొచ్చని నాకు తోచనే లేదు" అన్న మాట నేను ఎన్నోసార్లు విన్నాను.

జ్ఞాపకాన్ని పక్కన పెట్టాలనుకునేవాళ్లకు రెండు మణికట్లకూ వాచీలా కట్టే యాక్సిలరోమీటర్లు ఉన్నాయి. ఏ చెయ్యి ఎంతసేపు కదిలిందో నమోదు చేస్తాయి. పక్షవాతం లేనివాళ్లకు ఇవి కట్టి చూస్తే ఆశ్చర్యకరమైన సంగతి బయటపడింది. కుడిచేతివాటం మనుషుల్లో కూడా రెండు చేతులూ రోజంతా దాదాపు సమానంగా కదులుతాయి. ఎడమ చెయ్యి పట్టుకుంటుంది, ఆపుతుంది, అందిస్తుంది. ఒక చెయ్యి పోతే పోయేది సగం పనులు కాదు, రెండు చేతులు కలిసి చేసే దాదాపు ప్రతి పనీ.

సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో క్యాథరిన్ లాంగ్ బృందం చేసిన అధ్యయనం గురించి తెలియని థెరపిస్టు ఉండకూడదని నా అభిప్రాయం. పక్షవాతం వచ్చి కనీసం 6 నెలలైన 85 మందికి చేతి పనుల సాధన చేయించారు. కొందరికి మొత్తం 3200 సార్లు, కొందరికి 6400, కొందరికి 9600, ఇంకొందరికి వాళ్లకు చేతనైనంత. 2016లో ఫలితాలు వచ్చాయి. ఆర్మ్ టెస్ట్ మార్కులు కొంత పెరిగాయి, కానీ ఎక్కువసార్లు చేసినవాళ్లకు ఎక్కువ పెరగలేదు. మణికట్టు పరికరాల లెక్క ఆ తర్వాతి ఏడాది వచ్చింది. గదిలో మార్కులు పెరిగినా, ఇంట్లో చేతి వాడకం మొత్తం మీద మారలేదు.

ఇది చదివాక "చేయగలిగితే చేస్తారులే" అన్న మాట నేను అనలేను. గదిలో కొలిచిన మార్కులను చూపించి ఇంట్లో జీవితం బాగుపడిందని చెప్పడానికి మనకు హక్కు లేదు. విడిగా కొలిస్తే తప్ప తెలియదు.

ఈ పరికరాలకూ పరిమితులు ఉన్నాయి. నడిచేటప్పుడు ఊగే చెయ్యి కూడా కదలిక కిందే పడుతుంది. పని ఎంత బాగా జరిగిందో వాటికి తెలియదు. అందుకని నేను వీటిని ఇంటర్వ్యూకు బదులుగా కాకుండా, దానికి తోడుగా మాత్రమే చూస్తాను. పరికరం లేని చోట ఇంటర్వ్యూ ఒక్కటైనా చాలు. ఏ ఖర్చూ లేనిది అది.

"టైం లేదు" అన్న అభ్యంతరం నాకు బాగా తెలుసు. నాకూ టైం ఉండదు. అయితే 30 పనులూ అడగలేనప్పుడు, ఆ మనిషికి ముఖ్యమైన నాలుగైదు పనులు వాళ్లనే చెప్పమని, ప్రతిసారీ అవే అడిగి రాయొచ్చు. అది పరిశోధనకు పనికిరాదు, వేరేవాళ్లతో పోల్చడానికి పనికిరాదు. ఆ ఒక్క మనిషి ముందుకు వెళ్తున్నారో లేదో చెప్పడానికి పనికొస్తుంది.

మొదటి రోజుల్లో అడిగే "వస్తుందా?" అన్న ప్రశ్నకు కూడా కొలత కొంత జవాబు ఇస్తుంది. నెదర్లాండ్స్‌లో చేసిన ఒక అధ్యయనం 2010లో వచ్చింది. మొదటి 72 గంటల్లో భుజాన్ని పక్కకు కొంచెమైనా ఎత్తగలిగి, వేళ్లను కొంచెమైనా చాచగలిగినవాళ్లకు 6 నెలలకు చేతిలో కొంత పనితనం వచ్చే అవకాశం 98 శాతం. రెండూ లేనివాళ్లకు 25 శాతం. రెండే రెండు కదలికలు చూస్తే చాలు, మంచం పక్కనే చూడొచ్చు. కానీ అక్కడ "కొంత పనితనం" అంటే ఆర్మ్ టెస్ట్‌లో 57కి 10 మార్కులు. ఇంటివాళ్లు 98 శాతం అన్న మాట విని చెయ్యి మునుపటిలా అవుతుందనుకుంటారు. ఈ 98ని చెప్పేవాళ్లు ఆ 10ని కూడా చెప్పి తీరాలి. ఎదురుగా ఉన్నవాళ్లు ఆశతో వింటున్నప్పుడు సగం చెప్పి ఆపడం చాలా తేలిక. అలా ఆపడం తప్పు.

జోస్యాల విషయంలో జాగ్రత్త ఎందుకు కావాలో ఇంకో ఉదాహరణ చెబుతాను. మొదట ఎంత పోయిందో అందులో సుమారు 70 శాతం తిరిగొస్తుందని 2008 తర్వాత ఒక సూత్రం బాగా ప్రచారంలోకి వచ్చింది. ఫ్యూగల్-మేయర్ మార్కుల మీద కట్టిన సూత్రం అది. చాలామందికి అచ్చు గుద్దినట్టు సరిపోయేది. 2019లో గణాంకాలు తెలిసినవాళ్లు దాన్ని విప్పి చూస్తే, ఆ సరిపోవడంలో కొంత భాగం లెక్క కట్టిన తీరు వల్లనే వచ్చిందని తేలింది. పోల్చిన రెండు సంఖ్యల్లోనూ (మొదట పోయినది, తర్వాత తిరిగొచ్చినది) మొదటి మార్కే దాగి ఉంది, పైగా 66 దగ్గర కొలత ఆగిపోతుంది. మొదట్లోనే 60 వచ్చిన మనిషికి పెరగడానికి 6 మార్కులే ఉన్నాయి, అతని చెయ్యి ఇంకెంత బాగుపడినా కొలత చూపించదు. ఆ సూత్రాన్ని పట్టుకుని "నీకు ఇంతే వస్తుంది" అని ఎవరికైనా చెప్పి ఉంటే, ఆ మాట చేతి గురించి చెప్పిందో కొలత గురించి చెప్పిందో అనుమానమే.

చివరిగా, చెయ్యి రానివాళ్ల గురించి. ఎంత సాధన చేసినా వేళ్లు కదలనివాళ్లు ఉంటారు. ఫ్యూగల్-మేయర్‌లో రిఫ్లెక్సుల మార్కులు తప్ప ఏమీ పడవు, ఆర్మ్ టెస్ట్‌లో 0, దిమ్మెల పెట్టెలో 0. ప్రతి సందర్శనలో ఆ సున్నాలు మళ్లీ రాసి చూపించడంలో నాకు అర్థం కనిపించదు. వాళ్ల చేతికి కూడా కొలవాల్సినవి ఉన్నాయి. పిడికిలి విప్పి అరచెయ్యి కడగడం ఎంత కష్టంగా ఉంది? గోళ్లు కత్తిరించగలుగుతున్నారా? చొక్కా చెయ్యి తొడిగేటప్పుడు భుజం నొప్పి పుడుతోందా? నొప్పితో రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తోంది? కాగితం మీద బరువు పెట్టి జరగకుండా ఆపడానికైనా ఆ చెయ్యి పనికొస్తోందా? ఆర్మ్ యాక్టివిటీ మెజర్ అనే ప్రశ్నావళిలో ఇలాంటి సంరక్షణ పనులకు విడిగా ఒక భాగమే ఉంది, పేషెంటు గానీ చూసుకునేవాళ్లు గానీ జవాబు చెప్పొచ్చు. బిగుసుకుపోయిన కండరాలకు ఇంజెక్షన్ ఇచ్చాకనో, స్ప్లింట్ కట్టాకనో ఈ జవాబులు మారతాయి. అరచెయ్యి కడగడం నిన్నటి కంటే తేలికైతే అది ఫలితమే, ఫైల్లో దానికీ ఒక గడి ఉండాలి.